నాలుగు కాళ్ల సాక్ష్యం

సుదర్శన్ రాకెట్ మొదటిసారి ఎదురింటి డాబా మీద ఆరబోసిన మిరపకాయల్లోకి ముక్కు ముందుగా దిగింది. దిగింది అనడం మర్యాద కోసమే. పడింది.

పద్మాపూర్ బొగ్గు గని క్వార్టర్లలో అందరికీ తెలిసిన పిచ్చి అది. చంద్రపూర్ పాలిటెక్నిక్‌లో చివరి ఏడాది చదువుతున్న సుదర్శన్, కొత్తగా వచ్చిన ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలు ఏరుకొచ్చి, నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేస్తాడు. అమెరికాలో ఒక రాకెట్ పైకి లేచి నిలువుగానే కిందికి దిగిందని మరాఠీ పేపర్లో చదివాక పిచ్చి ముదిరింది.

"పారేసే రాకెట్ ఎవడైనా చేస్తడు. నాది మళ్లీ మళ్లీ వాడేది," అన్నాడు, మిరపకాయలు ఏరుతూ.

"ముందుగాల మా మిరపకాయలు మళ్లీ వాడేటట్టు చెయ్," అంది ఎదురింటి ఉజ్వల.

ఆమె బీఎస్సీ. మాటకు మాట అప్పజెప్పకపోతే అన్నం అరగదు. రోజూ ఏదో వంకతో వచ్చి అతని డిజైన్‌లో తప్పులు పట్టేది. కింద గొడుగు పుల్లలతో నాలుగు కాళ్లు, పైన పారాచూట్‌లా విచ్చుకునే గొడుగు గుడ్డ. దారానికి వేలాడే నట్టు నేలను తాకగానే రెండో సీసా మూత ఊడి, నీళ్లు కిందికి చిమ్మి వేగాన్ని ఆపాలి. అంతా బాగుందని ఒప్పుకుంది. ఒక్కటే అడిగింది.

"పారేసే చెత్త తగ్గుతది, నిజమే. మరి దిగేటప్పుడు లేసే దుమ్ము ఎవరు మింగాలె? గని దుమ్ము చాలదా మాకు?"

దుమ్ము సంగతి సుదర్శన్ లెక్కల్లోనే లేదు. మగవాడు కాబట్టి కోపం తెచ్చుకున్నాడు. వారం రోజులు మాటల్లేవు. ఆ వారంలో అతనికి రాకెట్ మీద ధ్యాస తగ్గి ఎదురింటి తలుపు మీద పెరిగింది.

ఆ రాకెట్టే అతని చివరి ఏడాది ప్రాజెక్టు; క్వార్టర్ల మధ్యే ఎగరేసి చూపించాల్సిన పరీక్ష రోజు రానే వచ్చింది. నిలబడి దిగితే పాస్, లేకపోతే ఇంకో ఏడాది అదే క్లాసులో కూర్చోవాలి. పాలిటెక్నిక్ లెక్చరర్ అనంతరావు సార్ మార్కులు ఆ సాయంత్రమే పంపాలి. మళ్లీ ఎగరేస్తానంటే వినేంత టైము ఆయనకు లేదు.

జనం గుమిగూడారు. సుదర్శన్‌కు హంగామా చేయాలనిపించింది. ఎక్కడి నుంచో తెచ్చిన చేతి సైరన్ గిరగిరా తిప్పి, రాకెట్ తాడు లాగాడు.

అచ్చం గనిలో బ్లాస్టింగ్ సైరనే. పద్మాపూర్‌లో అది మోగితే ఎవరూ ఆలోచించరు. బిందెల మీద మూతలు పెట్టి, ఇళ్లలోకి దూరతారు. అందరూ దూరారు. పన్నెండేళ్లు అక్కడే ఉంటున్న అనంతరావు సారైతే అందరికంటే ముందు. అలవాటు ఎంత గట్టిదంటే, సుదర్శన్ కూడా తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి రాకెట్ పక్కకు పడి ఉంది.

"పడిపోయింది కదయ్యా," అన్నారు సార్, బయటికి వస్తూ.

సుదర్శన్ తన రాకెట్‌ను తనే చూడలేదు.

"లేదు సార్. నిలబడ్డది. తర్వాత గొడుగు గుడ్డకు గాలి తగిలి పడ్డది."

ఉజ్వల. మొహం సగం నల్ల బురద. సైరన్ విని, దుమ్ము పడకుండా దండెం మీద ఆరేసిన పడక చెద్దరు లాగుతుంటే చేయి జారి నేల మీద పరుచుకుందట, రాకెట్ సరిగ్గా దాని మీదే దిగిందట. సార్ చెద్దరు చూశారు. రాకెట్ నీళ్లకు బొగ్గు దుమ్ము తడిసి చిమ్మిన బురద మధ్యలో, నాలుగు మూలలా నాలుగు కాళ్ల గుర్తులు. రాకెట్ తెచ్చి పెట్టి చూశారు. సరిపోయాయి.

"పాస్. గుడ్డ మాత్రం చిన్నది చెయ్," అన్నారు సార్.

జనం సర్దుకున్నాక సుదర్శన్ మెల్లగా అడిగాడు. "సైరన్‌కు అందరు లోపటికి ఉరికిన్రు. నువ్వెందుకు పోలే?"

"నువ్వు బయటనే ఉన్నవు గద," అంది ఉజ్వల, మొహం తుడుచుకోకుండానే.

అప్పుడే ఆమె తల్లి నర్సక్క చెద్దరు చూసి నెత్తి కొట్టుకుంది. చిన్నప్పటి నుంచి సుదర్శన్ ఆమెను చిన్నమ్మ అనే పిలుస్తాడు.

"నేను ఉతుకుత, అత్తా," అన్నాడు.

నర్సక్క అతన్ని చూసింది. బురద మొహంతో నేల చూపులు చూస్తున్న కూతుర్ని చూసింది. చెద్దరు అతని చేతుల్లో పెట్టింది.

"మంచిగ ఉతుకు, అల్లుడా."