ఆర్విడ్ షెడ్డులో రబ్బరు గొట్టం

మా ఊళ్ళో ధాన్యం గోదాముల వెనక ఆర్విడ్ షెడ్డు ఉంది. దానికి మంచి పేరు లేదు. ముసలాయన పోయినప్పటినుంచీ తాళం వేసే ఉంటుంది, అయినా చీకటి పడితే లోపల ఎవరో పళ్ళ సందుల్లోంచి గాలి పీలుస్తున్నట్టు "ఉస్స్..." మంటుందట. పోస్టు బండి నడిపేవాడు కూడా విన్నానని ఒట్టేశాడు. నేను దెయ్యాల్ని నమ్మను. అలాగని సాయంత్రం పూట ఆ దారిన నడవనూ నడవను.

ఈ సంగతి నాకు డ్వేన్ చెప్పాడు, వాళ్ళమ్మాయి పెళ్ళి విందులో. డ్వేన్ అంటే ఆర్విడ్ అల్లుడు, ఆయన కూతురు లోర్నా మొగుడు.

ఆర్విడ్ బతికున్నన్నాళ్ళూ ఈ మిన్నెసోటా పల్లెల్లో పాత కారున్న ప్రతివాడూ ఆయన గుమ్మంలోనే పడి ఉండేవాడు. ఆయన రబ్బరు గొట్టం ఒక కొస, ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బ్యురేటర్ మూతి దగ్గర పెట్టి, రెండో కొస చెవిలో పెట్టుకునేవాడు. జంట కార్బ్యురేటర్లు రెండూ ఒకే తీరుగా గాలి పీలుస్తున్నాయా లేదా అని అలా విని చెప్పేసేవాడు. అల్లుణ్ణి మాత్రం ఇంజను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నువ్వు అద్దాలు తుడువు, చాలు," అనేవాడు.

మరి పెళ్ళికూతురు బ్రిటా ఏం పట్టు పట్టిందంటే — తాతయ్య ఎర్రకారులోనే చర్చికి వెళ్తుందట. అది కదలకపోతే పెళ్ళి గౌనుతో మంచులో నడిచైనా వెళ్తుంది గానీ ఇంకో బండి ఎక్కదట. ఆ పిల్లది తాత మొండితనమే, అన్నదంటే చేసి తీరుతుంది. తీరా పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం చూసుకుంటే, కారు చర్చి గుట్ట సగం ఎక్కి, దగ్గి, చతికిలబడింది.

"నాన్న ఎలా సరిచేసేవాడో నేను చూశాను. చెప్తాను, విను," అంది లోర్నా.

"నువ్వు పొయ్యి మీద సంగతి చూసుకో," అన్నాడు డ్వేన్. మగమహారాజు కదా.

చీకటి పడ్డాక కారుని మెల్లగా షెడ్డు దగ్గరికి తెచ్చుకుని, ఒక్కడే తాళం తీశాడు. పగలు చేయొచ్చుగా అంటారేమో... ఇంజనులో నిప్పురవ్వ సరైన వేళకి పడుతోందో లేదో చూసే దీపం ఒకటుంది, మెరుపులా టపటపా కొట్టుకుంటుంది. ఆ వెలుగులో తిరిగే చక్రం మీది గీత కదలకుండా నిలబడినట్టు కనిపిస్తుంది. చీకట్లో అయితేనే స్పష్టంగా ఉంటుంది.

ఇంజను గురగురలాడుతోంది. దీపం కొట్టుకుంటోంది. ఫ్యాను రెక్కలు గాల్లో ఆగిపోయినట్టున్నాయి... గోడ మీద డ్వేన్ నీడ మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

గీత చూసుకున్నాడు, బాగానే ఉందనిపించింది. మావయ్య గొట్టం మేకు మీంచి తీసి చెవిలో పెట్టుకున్నాడు. మొదటి కార్బ్యురేటర్ — ఉస్స్. రెండోదాని దగ్గరికి కొస జరిపాడో లేదో, ఇంజను గట్టిగా తుమ్మి ఆగిపోయింది. ఉలిక్కిపడి కొస వదిలేశాడు. అది బానెట్ చాటున అవతలికి జారిపోయింది.

ఇంజనుతోపాటే దీపమూ ఆగింది. చిమ్మచీకటి. గాలి కూడా లేదు. గొట్టం రెండో కొస ఇంకా చెవిలోనే ఉంది.

ఆ గొట్టంలోంచి... మెల్లగా...

"ఒరే డ్వేనూ..."

కాళ్ళు పాతేసినట్టు నిలబడిపోయాడు.

"సన్నగొట్టం పీకావా... వెధవా..."

పీకలేదు. నిప్పురవ్వ వేళ సరిచూసేటప్పుడు పక్కనుండే సన్నగొట్టం ఒకటి పీకి, దాని మూతి బిగించాలి. పీకకపోతే దీపం అబద్ధం చూపిస్తుంది. ఇంటి ముందు బాగానే గుర్రుమంటుంది, గుట్ట ఎక్కేసరికి దమ్ము పోతుంది. పైన పటారం, లోన లొటారం.

పారిపోదామనుకున్నాడట. పారిపోతే పొద్దున మంచులో గౌను ఈడ్చుకుంటూ నడిచే కూతురు కళ్ళముందు కనబడింది. చీకట్లో తడుముకుంటూనే సన్నగొట్టం పీకాడు, గోల్ఫ్ బంతిని నిలబెట్టే చెక్క మేకుతో మూతి బిగించాడు, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఈసారి గీత ఎక్కడో ఉంది. తిప్పి సరిచేసి, సన్నగొట్టం మళ్ళీ తగిలించాడు. గొట్టం చెవిలో పెట్టుకుని ఒక మర తిప్పి, ఇంకో మర తిప్పి, రెండు కార్బ్యురేటర్లూ ఒకే గొంతుతో గాలి పీల్చేదాకా వదల్లేదు. అప్పుడు ఇంజను ఆపాడు.

అంతలో చర్చిలో మర్నాటి పెళ్ళికోసం గంట మోగించి చూస్తున్నారు. ఆ మోతలోనే గొట్టంలోంచి మళ్ళీ వినబడింది.

"బాగుందిరా. పిల్లని జాగ్రత్తగా తీసుకెళ్ళు."

పొద్దున కారు గుట్టని పిల్లిలా ఎక్కేసింది. బ్రిటా కిటికీలోంచి చెయ్యూపింది. డ్వేన్ స్టీరింగు పట్టుకుని ఏడ్చేశాడు, అందరం చూశాం.

ఇదంతా చెప్పి అతను కాఫీ కోసం లేవగానే, లోర్నా నవ్వాపుకోలేక నా భుజం మీద వాలిపోయింది.

"అది నేనే వదినా. చర్చి వంటింట్లోంచి తిండి పట్టుకెళ్ళాను. పక్క తలుపులోంచి చూస్తే, సన్నగొట్టం పీకకుండానే దీపం పట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. ఇంతలో ఆ గొట్టం కొస వచ్చి నా కాళ్ళ దగ్గరే పడింది. బతికున్న పెళ్ళాం చెప్తే వినడు, చచ్చిన మావ చెప్తే వింటాడుగా. మా నాన్న గొంతు పెట్టి రెండు ముక్కలు తిట్టి, పళ్ళెం వెనక్కి తెచ్చేశాను. ఆ రాత్రి ఆయనకి పస్తే."

నాకూ నవ్వొచ్చింది. "తిట్టినా, చివర్లో మెచ్చుకున్నావులే. పిల్లని జాగ్రత్తగా తీసుకెళ్ళమన్నావటగా."

"నేనా? తిట్టి వచ్చేశానంతే."

"గంట మోగుతుంటే అన్నావటగా..."

లోర్నా నవ్వు ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గంట మోగినప్పుడు తను చర్చి వంటింట్లో నా పక్కనే నిలబడి, బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.