పావు తక్కువ పన్నెండుకు పారిపోయినవాడు

పన్నెండున్నరకు కెప్టెన్ హాజరు పుస్తకం తెరిచాడు.

"స్టోకర్ హానాఫోర్డ్. పారిపోయాడు. రాసేస్తున్నా."

"ఒక్క నిమిషం ఆగండి సార్," అన్నాడు కార్పొరల్ ట్రెగెంజా.

ఓడలో పోలీసు అతనొక్కడే. ఆ ఒక్క మాట పుస్తకంలో పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. బాయిలర్‌లో బొగ్గు వేసే స్టోకర్‌గా హానాఫోర్డ్ చేసిన ఏడేళ్ళ సర్వీసు గంగలో కలుస్తుంది. దొరికితే కొరడా దెబ్బలకు వీపు చిట్లుతుంది.

వాళ్ళ ఓడ 'టర్న్‌స్టోన్' ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవులో ఉంది. రష్యా యుద్ధానికని పచ్చి కలపతో హడావుడిగా కట్టిన ఆవిరి గన్‌బోటు. దాని బతుకంతా కారడమే. బాల్టిక్‌లో కారింది, చైనా నదుల్లో కారింది. ఇవాళా పొద్దుటి నుంచి వడ్రంగులు సుత్తులతో పలకల సందులు పూడుస్తున్నారు. ఆ మోతలో మనిషి మాట మనిషికి అందడం లేదు. రెండు గంటల పోటుకు బయలుదేరాలి.

"వెళ్ళడం ఎవరు చూశారు?" అని అడిగాడు ట్రెగెంజా.

"నేనే," అన్నాడు స్టోకర్ల పెద్ద లఫ్టన్. "కూరగాయల పడవెక్కి పోయాడు. పావు తక్కువ పన్నెండుకి. కళ్ళారా చూశా."

"అంతకు ముందు?"

"బాయిలర్ లోపల ఉప్పు పెచ్చులు గోకుతున్నాడు. బయటికొచ్చాడు. మూత బిగించేశా. పదకొండూ నలభై."

"ఇప్పుడు?"

"బాయిలర్‌లోకి నీళ్ళు పడుతున్నాం. పన్నెండుంబావుకి పంపు మొదలైంది. ఒంటిగంటకి మంట."

లఫ్టన్ మాట తడబడలేదు. చెయ్యి మాత్రం టోపీ అంచును నలుపుతోంది.

ట్రెగెంజా స్టోకర్ల భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళాడు. నేవీలో రోజూ పన్నెండింటికి గంట కొట్టి, నావికులకు తలా ఒక గ్లాసు రమ్ పోస్తారు. విట్‌కోంబ్ అనే స్టోకర్ మూతి తుడుచుకుంటున్నాడు.

"హానాఫోర్డ్ వాటా రమ్ ఎవడు తాగాడ్రా?"

అందరూ గ్లాసులు బల్ల కిందికి జరిపారు.

"విట్‌కోంబ్, నిన్నే."

"అందరం తలా గుక్కా పంచుకున్నాం సార్. పారిపోయినోడికి రమ్మెందుకు?"

"పొద్దున వాడేమన్నాడు?"

విట్‌కోంబ్ తల దించుకున్నాడు. "'నా గ్లాసు ముట్టుకుంటే చంపేస్తా, గంట కొట్టేసరికి వస్తా' అన్నాడు సార్."

"ఆ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే వెతుకుతారు. దొరికితే గ్లాసు తిరిగివ్వాలిగా."

ట్రెగెంజాకు ఒళ్ళు మండింది. తిట్టడానికి టైము లేదు. పరుగున కిందికి దిగాడు. బాయిలర్ పక్క కొక్కేనికి ఒక చొక్కా వేలాడుతోంది. దాని మీద హానాఫోర్డ్ నంబరుంది.

పన్నెండూ యాభై. కెప్టెన్నీ, లఫ్టన్‌నూ అక్కడికే పిలిపించాడు.

"సార్, మీరు ఇరవై ఏళ్ళుగా నేవీలో ఉన్నారు. పన్నెండింటికి రమ్ పోస్తారనగా, పావుగంట ముందు పారిపోయిన నావికుణ్ణి ఎప్పుడైనా చూశారా?"

కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు.

"తాగి పారిపోతాడు గానీ, తాగకుండా పోడు. పైగా నవంబరు చలిలో, చొక్కా లేకుండా పడవెక్కుతాడా? బాయిలర్ కంత సన్నం. చొక్కా విప్పి దూరినవాడు బయటికొస్తే ముందు చొక్కా తొడుక్కుంటాడు. పంపు ఆపండి! సుత్తులు ఆపించండి!"

మోత ఆగింది.

టక్. టక్.

బాయిలర్ లోపలి నుంచి.

ఎనిమిది బోల్టులు విప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ట్రెగెంజాకు అది నలభై ఏళ్ళలా గడిచింది. మూత లేవగానే చీకట్లోంచి ఒక చెయ్యి పైకొచ్చింది. వేళ్ళు చితికి రక్తం కారుతోంది. నీళ్ళు హానాఫోర్డ్ గడ్డం దాకా వచ్చాయి.

లఫ్టన్ ఆ చేతి మీంచి చూపు తిప్పుకున్నాడు.

"పిలిచాను సార్. పలకలేదు. రమ్ గంట అవుతోందని బిగించేశా. పంపు పెట్టాక అనుమానమొచ్చింది. కానీ బయటికొచ్చాడని అప్పటికే రిపోర్టిచ్చేశా..."

"అందుకని పడవ కథ కట్టావా? ముంచి చంపేద్దామనా?" అన్నాడు ట్రెగెంజా.



ఇంత చిన్న ఓడలో ఖైదు గది ఎక్కడిది? లఫ్టన్‌ను ఖాళీ బొగ్గు గదిలోకి దించారు. పైన ఇనప మూత లాగబోతుంటే లోపలి నుంచి కేక వేశాడు.

"వద్దు సార్! చీకటి!"

హానాఫోర్డ్ దుప్పటి కప్పుకుని వణుకుతూ లేచి నిలబడ్డాడు. నిలబడలేక ట్రెగెంజా భుజం పట్టుకున్నాడు.

"మూత వెయ్యకండి సార్," అన్నాడు. "కావాలంటే కాపలా నేనుంటా."