మంచు కింద వెల్లుల్లి

ఒరెస్ట్ కొసార్ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడంటే మార్లీన్‌కి గుండె గుభేలుమంటుంది. ఆ శుక్రవారం పొద్దున కూడా అదే జరిగింది. బయట చలి ఎముకలు కొరికేస్తోంది. మనిషి చూస్తే ఒంటిమీద బనియను, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. కప్పులో సగం కాఫీ అలాగే ఉంది. ఫోన్ మోగింది, పేరు చూశాడు, లేచి తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

మార్లీన్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూసింది. అటు తిరిగి నిలబడి తల గోక్కుంటున్నాడు. నోట్లోంచి పొగలా ఆవిరి వస్తోంది. వాళ్ల కాపురంలో వరండాలోకి వెళ్లి మాట్లాడే ఫోన్ ఒక్క రకమే. ఫలానా ఊరి జట్టు నిన్ను తీసుకుంది, సాయంత్రానికల్లా అక్కడుండు అని చెప్పే ఫోన్.

ఒరెస్ట్ పదిహేడేళ్లు ఐస్ హాకీ ఆడాడు. జనం ఫోటోలు దాచుకునే రకం ఆటగాడు కాదు. ఏ జట్టులో ఎవడి కాలు విరిగినా, ఎవడి భుజం జారినా కబురుపెట్టి పిలిపించుకునే రకం. కాలికి బలపం కట్టుకున్నట్టు పద్నాలుగు ఊళ్లు తిరిగాడు. పెద్ద లీగులో ఆడింది నాలుగంటే నాలుగు ఆటలు. అందులో మూడింటిలో బెంచీ మీద కూర్చోవడమే సరిపోయింది. బట్టలు మార్చుకునే గదిలో మిగతా ఆటగాళ్ల పేర్లు చెక్క పలకల మీద ఉండేవి. ఇతని పేరు మాత్రం తెల్లటి టేపు ముక్క మీద పెన్నుతో రాసి అంటించేవాళ్లు. పీకి పారేయడానికి సులువని.

ఆ బతుకులో ఒక పద్ధతుంది. ఫోన్ రాగానే ఆటగాడు బ్యాగూ కర్రలూ భుజాన వేసుకుని ఆ పూటే విమానమెక్కేస్తాడు. వెనక మిగిలిన ఇల్లు, బిడ్డ, బడి, అద్దె, అటకమీది గిన్నెలు, అన్నీ పెళ్లాం చూసుకుని వారం తిరక్కుండా కారు నడుపుకుంటూ వెనకాలే వెళ్లాలి. మార్లీన్ అలాగే వెళ్లింది, అన్నిసార్లూ. ఒక ఊళ్లో మధ్యాహ్నం కిటికీలకి కర్టెన్లు కుట్టి తగిలిస్తే సాయంత్రం ఫోనొచ్చింది. ఆ కర్టెన్లు తర్వాత ఏ ఇంటి కిటికీకీ సరిపోలేదు.

మోకాళ్లు మొరాయించాక, ఆరేళ్ల కిందట, కెనడాలోని సస్కాచెవాన్‌లో గోధుమ చేల మధ్య ఉన్న ఈ టార్న్‌ఫీల్డ్ అనే ఊరికి కుర్రాళ్ల జట్టు కోచ్‌గా వచ్చాడు. వస్తూనే చేసిన మొదటి పని, జట్టులో ఒక్కొక్కడికీ చెక్క మీద పేరు చెక్కించడం. మార్లీన్ స్కూలు బస్సు నడుపుతోంది. పదిహేడేళ్ల కూతురు కలీనా ఊళ్లోని ఉక్రేనియన్ డాన్సు బృందంలో జనవరి పండక్కి మధ్యలో నిలబడి ఆడబోతోంది. అందరూ హాయిగానే ఉన్నారు. అందుకే మార్లీన్‌కి భయం.

ఒరెస్ట్ లోపలికొచ్చి చల్లారిన కాఫీ తాగేశాడు.

"ఎవరు?" అంది.

"రెజీ."

రెజీ అంటే ఒకప్పుడు ఇతనితో కలిసి ఆడినవాడు. ఇప్పుడు తూర్పున ఒక పెద్ద లీగు జట్టులో ఉద్యోగం చేస్తున్నాడు. పొద్దున్నే కుశలం అడగడానికి ఫోన్ చేసే మనిషి కాదు.

"ఏమంటాడు?"

"ఏముంది, ఊరికే." కళ్లెత్తకుండానే అన్నాడు. "అక్కడి కోచ్‌ల్లో ఒకణ్ని తీసేశారట. ఆ కబుర్లూ ఈ కబుర్లూ." కోటు తగిలించుకుని, భార్య బుగ్గ మీద చల్లటి ముద్దు పెట్టి, కుర్రాళ్లు ఆడే మంచు రింక్‌కి వెళ్లిపోయాడు.

ఇక మార్లీన్‌కి చెప్పాల్సిందేముంది? పొద్దుటి బస్సు తిప్పేసి వచ్చి, తిన్నగా నేలమాళిగలోకి దిగింది. అక్కడ గోడవారగా మడిచి పెట్టిన అట్టపెట్టెలు. ఆరేళ్లుగా పారేద్దాం పారేద్దాం అనుకుంటూనే పారేయలేదు. అవి చూడగానే ఆమెకి కళ్లు చెమర్చాయి, ఆ వెంటనే కోపం వచ్చింది, కోపం రాగానే చేతులు చకచకా ఆడాయి. ముందు అరుదుగా వాడేవి, ఆఖర్న కాఫీ గిన్నె. ఆ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

పెట్టెలు వంటింట్లోకి మోసుకొచ్చి, పండగ పళ్లేలు కాగితాల్లో చుట్టింది. అత్తగారిచ్చిన అప్పడాల కర్రను తువ్వాల్లో చుట్టింది. కిటికీలోంచి పెరడు కనబడుతూనే ఉంది. వద్దనుకుంటూనే అటు చూసింది. కంచె పక్కన నాలుగడుగుల మడి, దాని మీద గడ్డి, ఆ గడ్డి మీద నిన్న పడ్డ మంచు. పోయిన నెల్లో ఆ మడిలో వెల్లుల్లి రెబ్బలు నాటింది. శీతాకాలమంతా నేలలో నిద్రపోయి, ఎండలొచ్చాక మొలిచి, జూలై ఆఖరుకి గడ్డలవుతాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె పెంచిన మొక్కలన్నీ కుండీల్లోనే, అవీ కారు వెనక సీట్లో పట్టేవి. ఇన్ని నెలలాగి తవ్వుకోవాల్సింది నేలలో పెట్టడం ఇదే మొదటిసారి. "పిచ్చిదాన్ని" అని తనని తాను తిట్టుకుంటూ ఇంకో పెట్టె విప్పింది.

మధ్యాహ్నం బస్సు తిప్పి వచ్చి మళ్లీ సర్దడం మొదలుపెట్టింది. డాన్సు నేర్చుకుని ఇంటికొచ్చిన కలీనా గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"అమ్మా! ఏంటిది?"

"కనబడట్లేదా? పెట్టెలు."

"ఎక్కడికి?"

"తూర్పుకి. రెజీ ఫోన్ చేశాడు."

"నాన్న చెప్పాడా?"

"మీ నాన్న చెప్పేదాకా ఆగితే ఎప్పుడు సర్దను? ఆయన విమానం ఆయనెక్కేస్తాడు, అయిపోయింది."

కలీనా బ్యాగు నేలకేసి కొట్టింది. "నేను రాను. చెప్తున్నా. బడిలో ఇది నాకు ఆఖరి సంవత్సరం. జనవరిలో నా డాన్సుంది. కావాలంటే నన్ను ఈ పెట్టెలో పెట్టి టేపు అంటించి తీసుకెళ్లండి."

"అరవకే. నా చెవులు బాగానే ఉన్నాయి."

"నీకు వెళ్లాలనుందా, లేదా? అది చెప్పు ముందు."

మార్లీన్ చేతిలో ఉన్న కప్పును చాలాసేపు కాగితంలో చుడుతూనే ఉంది. "నన్నెవరడిగారని?" అంది చివరికి. అని, అప్పటికే చుట్టిన కప్పును మళ్లీ చుట్టింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. ఒరెస్ట్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ వచ్చి, వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. ఖాళీ అరలు చూశాడు, పెట్టెలు చూశాడు, భార్య ముఖం చూశాడు.

"తెలిసిపోయిందన్నమాట," అన్నాడు మెల్లిగా.

"పదిహేడేళ్లలో నాకు వచ్చిన చదువు ఇదొక్కటేగా. ఎప్పటికి రమ్మన్నాడు?"

"సోమవారానికి." కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఇంత తొందరగా సర్దేశావంటే... నీకు అంత ఇష్టంగా ఉందా, మార్లీన్? అయితే సరే. రెజీకి ఇప్పుడే ఫోన్ చేస్తా."

ఆ మాటతో ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"ఇష్టమా? ఎప్పుడైనా అడిగావా నా ఇష్టం? నీ వెనకాల మూటా ముల్లే మోసుకుంటూ దేశమంతా తిరిగాను. ఆ కొండల ఊళ్లో మంచు తుఫానులో జ్వరంతో ఉన్న పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని కారు నడిపాను. ఏనాడైనా 'వెళ్దామా' అన్నావా? 'సర్దెయ్' అన్నావు. ఈసారి ఆ ముక్క కూడా అనలేదు! కాఫీ తాగేసి చక్కగా పోయావు!"

"అది కాదే..."

"ఏది కాదు? ఇక్కడ కొట్టులోకి వెళ్తే నన్ను పేరుపెట్టి పిలుస్తారు. బస్సెక్కే ప్రతి పిల్ల పేరూ నాకు తెలుసు. ఏ చలిదుప్పటి ఏ అరలో ఉందో చీకట్లో తీయగలను. నీకిదంతా ఒక లెక్కా?" చేతిలోని కప్పు టేబుల్ మీద పెట్టింది. "నాకు వెళ్లాలని లేదు, ఒరెస్ట్. ఇన్నేళ్లకి నోరు తెరిచి చెప్తున్నా. నాకు లేదు."

కలీనా వచ్చి తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఒరెస్ట్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మనిషి తికమకపడుతున్నాడని స్పష్టంగా తెలుస్తోంది. ఏదో చెప్పబోయేంతలో టేబుల్ మీద పెట్టిన ఫోన్ మోగింది. రెజీ.

ఒరెస్ట్ చెయ్యి చాపాడు గానీ మార్లీనే ముందందుకుంది. "చెప్పు రెజీ," అంది కళ్లు తుడుచుకుంటూ, స్పీకర్ నొక్కి.

"అమ్మయ్య, నువ్వెత్తావా తల్లీ! నీ మొగుడికి మతిపోయినట్టుంది. కాస్త నువ్వైనా గడ్డి పెట్టు. పెద్ద లీగులో కోచ్ పని, ఎదురొచ్చి ఇస్తుంటే పొద్దున్నే వద్దన్నాడు. ఎందుకురా అంటే వెల్లుల్లి నాటామంటాడు! ఒరేయ్ ఒరెస్టూ, వింటున్నావా? ఇక్కడ కొట్లో సంచుల్లో అమ్ముతార్రా వెల్లుల్లి!"

మార్లీన్ ఫోన్ వంక చూసింది, తర్వాత మొగుడి వంక చూసింది.

"హలో? ఉన్నారా?" అంటున్నాడు రెజీ.

"ఉన్నాం," అంది మార్లీన్. "నేను మళ్లీ చేస్తా, రెజీ." పెట్టేసింది.

"వద్దన్నావా?"

ఒరెస్ట్ తలూపాడు. "పొద్దున్నే చెప్పేశా. లోపలికొచ్చి నీకు చెబుదామంటే నోరు రాలేదు. ఇన్నాళ్లూ నువ్వు నా వెనక తిరిగింది ఎప్పటికైనా పెద్ద లీగుకి చేరతాననేగా. తీరా వాళ్లు పిలిస్తే నేనే కాదన్నానని ఏ మొహంతో చెప్పను? సాయంత్రం మెల్లిగా చెబుదామనుకున్నా. వచ్చి చూస్తే పెట్టెలు. రెజీ నీకూ ఫోన్ చేశాడనుకున్నా. నీకు వెళ్లాలని ఉందేమో, నేను చెడగొట్టానేమో అనుకున్నా."

"నీకు వెళ్లాలని లేదూ?"

అబద్ధమాడటం అతనికి ఎప్పుడూ చేతకాదు. "ఉంది. ఆ వరండాలో నిలబడ్డ కాసేపూ చాలా ఉంది. సరేనందామని అటు తిరిగా. తిరిగితే ఎదురుగా ఆ మడి కనబడింది. పోయిన నెల్లో నువ్వు రెబ్బలు నాటుతుంటే ఈ కిటికీలోంచి చూశాను. మోకాళ్ల మీద కూర్చుని ఏదో పాట పాడుకుంటున్నావు. మన కాపురంలో నువ్వు పని చేస్తూ పాడుకోవడం నేనెప్పుడూ వినలేదు, మార్లీన్. జూలై దాకా ఇక్కడే ఉంటామని నమ్మితేనేగా నాటుతావు? ఆ నమ్మకం మీద కాలు పెట్టలేకపోయాను."

ఇక ఆగలేక మార్లీన్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఒరెస్ట్ లేచి దగ్గరికి రాబోయాడు. ఆమె అప్పడాల కర్ర చుట్టిన తువ్వాలు తీసి అతని ఛాతీకి అడ్డం పెట్టింది.

"ఆగక్కడ. వెళ్లేటప్పుడు ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఉండిపోతూ కూడా అడగలేదు. ఇది నా ఇల్లు కూడానా, కాదా?"

కలీనా ముక్కు ఎగబీల్చి, "పాయింటే నాన్నా," అంది.

పెద్ద పెద్ద మనుషుల్ని ఢీకొని పళ్లూడగొట్టుకున్నవాడు, ఆ అప్పడాల కర్ర ముందు కుర్రాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అడుగుతున్నా అయితే. రెజీ ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు. నువ్వేమంటే అది. వెళ్దామా? ఉందామా?"

మార్లీన్ కర్ర పక్కన పెట్టింది. మొహం కడుక్కుంది. కాఫీ గిన్నె స్టవ్ మీద పెట్టింది. అతన్ని అలాగే నిలబెట్టి, కాఫీ పొంగేదాకా నిజంగానే ఆలోచించింది. తూర్పు పట్నం గురించి, అక్కడి వెలుగుల గురించి, మొగుడు జీవితమంతా తలెత్తి చూసిన ఆ లీగు గురించి ఆలోచించింది. అడిగాడు కాబట్టి ఆలోచించే హక్కు వచ్చింది. ఆ హక్కు ఎంత బాగుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

"జూలైలో వెల్లుల్లి తవ్వడానికి ఓ మనిషి కావాలి," అంది, కప్పు చేతికిస్తూ. "నీ మోకాళ్లు వంగుతాయా?"

"వంగవు."

"అయితే నువ్వు ఆరబెడుదువుగాని. ఉందాం."

కలీనా అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. ఆ సాయంత్రం ముగ్గురూ పైరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కుడుములు, ఉడకబెట్టుకుని, విప్పని పెట్టెల మధ్య కూర్చుని, పళ్లేలు దొరక్క గిన్నెలోంచే తిన్నారు. ఒరెస్ట్ గిన్నెలు విప్పుతానని బయల్దేరి, పండగ పళ్లేలు తీసుకెళ్లి సబ్బుల అరలో పెట్టాడు.

"ఇన్నేళ్లుగా నీకు ఈ పని ఎందుకు చెప్పలేదో ఇప్పుడర్థమైంది," అంది మార్లీన్.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. ఖాళీ పెట్టెల్ని ఒరెస్ట్ మళ్లీ నేలమాళిగలోకి దింపబోతుంటే ఆమె అడ్డుకుంది. స్కేట్లు సానపట్టే అతని చేత్తోనే చాకు పట్టించి, ఒక్కో పెట్టెనీ మూలలు కోయించి, పలకల్లా చేయించింది. గడ్డి మీది మంచు పక్కకి తోసి, ఆ అట్టల్ని వెల్లుల్లి మడి మీద పరిచారు. చలి మరీ ముదిరితే రెబ్బలకి కాస్త కాపుదల. గాలికి ఎగిరిపోకుండా ఏదైనా బరువు పెట్టాలంటే, ఒరెస్ట్ షెడ్డులోకి వెళ్లి తన పాత హాకీ కర్రలు మోసుకొచ్చాడు. ఏ కర్ర ఏ ఊరిదో చెబుతూ అడ్డంగా ఒక్కొక్కటే పేర్చాడు.

"వసంతంలో అట్టలు తీసేయాలి, గుర్తుంచుకో," అంది మార్లీన్. "అప్పటికి తడిసి ముద్దయి ఉంటాయి. ఇంక దేనికీ పనికిరావు."

"పోతే పోనీ," అన్నాడు ఒరెస్ట్.

ఆమె చేతులు దులుపుకుని లోపలికి నడిచింది. కాసేపటికి వంటింట్లోంచి పళ్లేలు సర్దుతున్న చప్పుడు, దాంతోపాటు సన్నగా పాట వినిపించాయి. ఒరెస్ట్ రింక్‌కి ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడి, ఆ పాట అయ్యేదాకా విన్నాడు.