ఎర్ర ట్యాగు కరిమీన్లు

రిన్సీ నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట, "కాలు తియ్."

నేను తీయలేదు. నన్నే అంటోందని తెలిస్తే కదా! కడమక్కుడి దీవిలో మా ఫిషరీస్ యూనివర్సిటీ వాళ్ళ మొదటి ఫీల్డ్ రోజు అది. పొలం గట్టు మీద, తూము పక్కన, నీటిమట్టం కొలిచే కర్రని మహా శ్రద్ధగా పాతుతున్నాను.

"నీకే చెప్పేది, నీలం చొక్కా! నా వల తొక్కి నిలబడ్డావు."

కిందకి చూస్తే నిజమే. గభాలున కాలు తీశాను. తీసిన కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోలేదు. మోకాలి దాకా బురదలోకి దిగిపోయాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త పరువు దక్కేది. చెయ్యి అందించి పైకి లాగి, "ఏ ఊరు?" అంది.

"కట్టప్పన."

"కొండ మీది మనిషివా? అదీ సంగతి. మీ దగ్గర నీళ్ళు ఒక్కవైపే పోతాయి. ఇక్కడ రోజుకి రెండుసార్లు వస్తాయి, రెండుసార్లు పోతాయి. ఏం చదువుతున్నావు?"

"వాటర్ రిసోర్సెస్ మేనేజ్‌మెంట్."

"సరే, మేనేజ్ చెయ్. చూద్దాం," అని వల భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బురదలో నా చెప్పు ఒకటి ఉండిపోయింది. మనసు కూడా అక్కడే ఉండిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

రిన్సీ ఆక్వాకల్చర్. ఆ దీవిలోనే పుట్టింది. అక్కడి పొలాల్లో వానాకాలం వరి పండిస్తారు. కోత అయ్యాక తూములెత్తి ఉప్పునీరు పెట్టి, అదే మడిలో రొయ్యలు పెంచుతారు. కుళ్ళిన వరిదుబ్బుల మధ్య తిరిగే కరిమీన్ చేపలు ఎంత పెరుగుతాయన్నది రిన్సీ థీసిస్. సదానందన్ చేట్టన్, అంటే సదానందన్ అన్న, కౌలుకి తీసుకున్న మడిలో నూట ఇరవై కరిమీన్లకి వీపు మీద ఎర్ర ట్యాగులు గుచ్చి వదిలింది. నీటి ఉప్పదనం, ఆటుపోట్ల లెక్క నా వంతు. అంటే నవంబరు నుంచి ప్రతి శనివారం మేమిద్దరం ఒకే పడవలో.

ఇంతకంటే అదృష్టం ఏ విద్యార్థికీ పట్టదు. కానీ ఐదు నెలల్లో నేను ఆమెతో చెప్పగలిగింది, "ఈ రోజు సెలైనిటీ పద్దెనిమిది," అని మాత్రమే.

"ఇంకేమైనా చెప్పాలా?" అనేది రిన్సీ, తెడ్డు ఆపి.

"టెంపరేచర్ ముప్పై."

"అబ్బ! ఎంత తియ్యగా చెప్పావు!" అని తెడ్డుతో నీళ్ళు నా మీదకి చిమ్మేది.

ఏప్రిల్ మొదటివారంలో ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. "ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా పొక్కులే. కౌలు పద్నాలుగుతో అయిపోతుంది. ఆ లోపల చివరి కొలత నువ్వే చేసెయ్. పన్నెండున చెయ్."

"నువ్వు నిశ్చింతగా పడుకో," అన్నాను.

పన్నెండున వెళ్ళి చూస్తే మడి నిండా సదానందన్ చేట్టన్ మనుషులు, వలలు, కేకలు. ఈ గోలలో కొలతలేంటి? కౌలు అయిపోతే అందరూ పోతారు. పదిహేనున మడి ప్రశాంతంగా ఉంటుంది, హాయిగా పట్టి కొలవొచ్చు. రిన్సీకి చెప్పకుండా చక్కటి డేటా చేతిలో పెట్టి మెప్పు కొట్టేద్దామనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పదిహేనో తారీఖు పొద్దున్న ఏడింటికి త్రాసు, స్కేలు పట్టుకుని గట్టెక్కాను. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే నిలబడిపోయాను.

మడిలో ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. బిందెలు, బుట్టలు, చేతివలలు. అందరూ కలిసి బురద తొక్కి నీళ్ళు కలియబెడుతున్నారు. పైకి తేలిన చేపని తేలినట్టే పట్టేస్తున్నారు. నా కళ్ళ ముందే ఒక ఎర్ర ట్యాగు ఎవరిదో అల్యూమినియం బిందెలోకి వెళ్ళిపోయింది.

గట్టు మీద సదానందన్ చేట్టన్ తీరిగ్గా టీ తాగుతున్నాడు.

"చేట్టా! మీ మడి దోచేస్తున్నారు!"

"దోచుకోవడమేంట్రా? కలక్కల్ ఇది. కౌలు గడువు దాటాక మడిలో మిగిలింది ఊరందరిదీ. నీకు తెలీదూ?"

"నాకెవరూ చెప్పలేదు!"

"పొద్దున్నే సూర్యుడొస్తాడని ఎవరైనా చెప్తారా మోనే, నాయనా?"

అప్పుడే ఫోన్ మోగింది. రిన్సీ. "పన్నెండున కొలిచినవి ఇంకా పంపలేదేం?"

చెప్పాను. అంతా చెప్పాను.

"అరవై చేపలైనా కావాలి," అంది. "అరవైకి ఒక్కటి తగ్గినా సార్ థీసిస్ తీసుకోరు. ఇంకో ఏడాది మొదటినుంచీ చెయ్యాలి." తిట్టలేదు. ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేదనిపించింది.

చేపలు వంటిళ్ళకి వెళ్ళిపోతున్నాయి. పొట్ట తీశారంటే బరువు లెక్కలోకి రాదు. త్రాసు చంకన పెట్టుకుని పరుగు తీశాను.

మొదటి ఇల్లు మేరీక్కుట్టి చేచ్చిది. అక్కని ఇక్కడ చేచ్చి అంటారు. కత్తిపీట ముందు కూర్చుని ఎర్ర ట్యాగు చేపని చేతిలోకి తీసుకుంది.

"ఆగండి! కొయ్యొద్దు!"

"ఎవడ్రా నువ్వు? నా చేప నేను కోసుకోకూడదా?"

"కొలిచి ఇచ్చేస్తాను చేచ్చీ. ఒక్క నిమిషం. రిన్సీ ప్రాజెక్టు."

"ఔసేపు కూతురు రిన్సీదా? మరి నువ్వెందుకు రొప్పుతున్నావు?"

"క్లాస్‌మేట్‌ని."

చేచ్చి నన్ను ఎగాదిగా చూసి, నాలుగు చేపలు ముందుకి తోసింది. రెండో ఇంట్లో "ఫ్రెండ్‌ని" అన్నాను. ఐదో ఇంట్లో "మంచి ఫ్రెండ్‌ని" అన్నాను. ఒక చోట పెనం మీంచి చేపని దించారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఇంకోచోట పిల్లి నోట్లోంచి ట్యాగు మాత్రమే దొరికింది. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినందే కదలనివ్వలేదు. ఏడో ఇల్లు దాటేసరికి పొట్ట బరువెక్కి పరుగు నడకలోకి దిగింది.

పదకొండో ఇల్లు కొచ్చుత్రేస్య అమ్మామ్మది. ఆరు ఎర్ర ట్యాగులు పళ్ళెంలో ఉన్నాయి. పొట్ట తీయలేదు గానీ పైన కారం, పసుపు దట్టంగా పట్టించి ఉన్నాయి.

"కడిగి తూచుకుంటాను అమ్మామ్మా."

"కడిగితే నా మసాలా పోదూ? కుదరదు."

"చాలా అవసరం."

"ఎవరికి?"

"రిన్సీకి."

"నీకేమవుతుంది?"

"క్లాస్... ఫ్రెండ్..."

"ఫ్రెండు కోసం ఇన్ని గడపలు ఎవడూ ఎక్కడు. నిజం చెప్తే కడుగుతాను. లేకపోతే వేయిస్తాను." ఆవిడ నిజంగానే పొయ్యి వెలిగించింది.

"ఆ అమ్మాయంటే నాకు ప్రాణం అమ్మామ్మా!"

ఐదు నెలలుగా నోరు దాటని మాట కారం పూసిన చేపల ముందు బయటపడింది. అమ్మామ్మ పొయ్యి కట్టేసి చేపలు తనే కడిగింది. కడుగుతూ కడుగుతూ ఊరంతా వినబడేలా, "విన్నావా మేరీ!" అని కేకేసింది.

ఆ తర్వాత నేను తలుపులు కొట్టాల్సిన పని లేకపోయింది. నేను వెళ్ళేసరికే పళ్ళేలు అరుగుల మీద ఉన్నాయి, వాటి వెనక నవ్వులు కూడా.

నాలుగింటికి లెక్క చూస్తే యాభై ఏడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా యాభై ఏడే. మిగిలింది రిన్సీ ఇల్లు ఒక్కటే. ఆటలమ్మ ఉన్న ఇంట్లో చేప వండరు. అక్కడ ఏం దొరుకుతుంది? అయినా మొహం చూపించకుండా పారిపోలేను కదా అని వెళ్ళి కిటికీ కింద నిలబడ్డాను.

"ఎన్ని?" తెర వెనక నుంచి రిన్సీ.

"యాభై ఏడు. నన్ను క్షమించు. తప్పంతా నాదే. ఇంకో ఏడాది నువ్వు చెయ్యాల్సి వస్తే, ఆ ఏడాదంతా పడవ నేనే నడుపుతాను."

"పొద్దున్నుంచి నాకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి."

నా చెవులు వేడెక్కాయి. "ఏమన్నారు?"

"తొమ్మిది మందీ ఒకటే చెప్పారు. చెప్పాల్సిన పదో మనిషే ఇంకా చెప్పలేదు."

ఈసారి టెంపరేచర్ చెప్పలేదు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం రిన్సీ. మొదటి రోజు నుంచీ."

"ఇది చెప్పడానికి ఊళ్ళో వాళ్ళ మసాలాలన్నీ కడగాలా?" అంది. తెర వెనక నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నాకూ ఇష్టమే, మొద్దూ."

వెనక ఎవరో దగ్గారు. రిన్సీ నాన్న, ఔసేపు అప్పచ్చన్. మోకాళ్ళ దాకా ఎండిన బురద. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళ తొట్టి మీద రేకు తీశాడు. లోపల పద్నాలుగు ఎర్ర ట్యాగులు, ప్రాణాలతో తిరుగుతున్నాయి.

"తెల్లారకుండానే మడి దగ్గర నిలబడ్డా. ఇంట్లో వండేది లేకపోయినా, మా పిల్ల పెంచిన చేపలు కదా!"

"అప్పచ్చా! మరి పొద్దున్నే నాకు చెప్పలేదే?"

"చెప్తే ఆగిపోతావు. ఎంత దూరం పరిగెడతావో చూద్దామనుకున్నా."

ఒక్కొక్కటే పట్టి పద్నాలుగూ తూచాను. మొత్తం డెబ్భై ఒకటి. కిటికీ దగ్గరికి పరిగెత్తి అరిచి చెప్పాను. లోపల రిన్సీ మంచం మీంచి దూకిన చప్పుడు వినిపించింది.

అప్పచ్చన్ కాళ్ళు కడుక్కుని వచ్చి నన్ను పరీక్షగా చూశాడు. "నీకెప్పుడైనా ఆటలమ్మ పోసిందా?"

"ఏడో క్లాసులో పోసింది."

"మరి బయట ఎండలో నిలబడి ఏం చేస్తున్నావు మోనే? లోపలికి రా."

"వద్దప్పా! మొహం నిండా పొక్కులే!" అని లోపల్నించి కేక.

నేను చెప్పులు విప్పాను.