ఏడు రొట్టెలు, ఒక పేరు

మోసపోయింది ఉల్మెకెన్. 2014 మార్చి 21న, ఆల్మటీ స్టేషను వెనక నాలుగో అంతస్తు ఫ్లాటు తాళంచెవి అందుకున్న పూట. మోసగించింది పరాయిది కాదు. ఒకే దుప్పట్లో ముడుచుకుని పెరిగిన పెద్దమ్మ కూతురు, తోర్గిన్.

రైలు పెట్టెల దుప్పట్లు ఉతికే చోట ఉల్మెకెన్‌కి పని. స్టేషను పక్కనే అక్క ఖాళీ చేసిన ఇల్లు, అదీ సగం అద్దెకి! కాదనడానికి ఆమేమన్నా పిచ్చిదా?

“ఒక్కటే షరతు. శుక్రవారం శుక్రవారం ఈ పొయ్యి మీదే ఏడు షెల్పెక్ రొట్టెలు వేయించి, పోయినవాళ్ళ పేరు చెప్పి, ఏడిళ్ళకి పంచాలి” అంది తోర్గిన్.

“ఆ మాత్రం నాకు నువ్వు చెప్పాలా అక్కా? నూనె వాసన తగలకపోతే మా అమ్మ కల్లోకొచ్చి మరీ తిడుతుంది.”

తోర్గిన్ నవ్వలేదు.

మూడు శుక్రవారాలు ఉల్మెకెన్ పళ్ళెం పట్టుకుని తలుపులు తట్టింది. లోపల అలికిడి ఉంది. ఒక్కరూ తీయలేదు. పట్నం పొగరు అనుకుని పనిచోట పంచేసింది.

నాలుగో శుక్రవారం. మబ్బు పట్టి మధ్యాహ్నమే వంటింట్లో చీకటి కమ్మింది. కింద గూడ్సు బండి వెళుతుంటే అల్మారాలో గ్లాసులు సన్నగా వణికాయి. మరిగే నూనె వాసనలో తడిసిన ఉన్ని వాసనేదో కలిసింది. ఏడో రొట్టె పొంగింది. ఉల్మెకెన్ కళ్ళు మూసుకుని అమ్మ పేరు చెప్పింది.

లోపలి గదిలోంచి…

“ఆ పేరు కాదు.”

బండి వెళ్ళిపోయింది. గ్లాసులు ఇంకా వణుకుతున్నాయి.

చేతిలో పళ్ళెంతోనే బయటికి ఉరికింది. ఎదురింటి బిబీనుర్ అవ్వ తలుపు గొలుసు తీయకుండా తొంగి చూసింది.

“నువ్వు… ఉల్మెకెన్‌వి కావు కదూ?”

“నేనే అవ్వా.”

ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “చలికాలమంతా నీ పేరు మీద రొట్టె తిన్నాం తల్లీ. మీ అక్కే తెచ్చేది. ‘మా ఉల్మెకెన్ పోయింది, దువా చేయండి’ అని ఏడ్చేది. ఇప్పుడు నువ్వే వచ్చి తలుపు కొడితే… ఎవరు తీస్తారే?”

మెట్ల మీదే కూలబడి తోర్గిన్‌కి ఫోను చేసింది.

“ఎందుకే అక్కా?”

“ఆ ఇంట్లోది పేరు అడుగుతుందే… నా కూతురి పేరు అడిగింది. నేనేం చెయ్యను?”

“అందుకని నా పేరు ఇచ్చావా?”

“నీకు పిల్లల్లేరు కదే…”

ఏడుస్తూనే అంది. ఏడుస్తూ కోస్తే మాత్రం గొంతు తెగదా?

ఉల్మెకెన్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇంటి చెప్పులతోనే స్టేషనుకి పరిగెత్తింది. ప్లాట్‌ఫారం నిండా జనం, టీ కేకలు, బొగ్గు వాసన. గుండె కాస్త కుదుటపడింది.

ఫోను మోగింది. ఎవరో అమ్మాయి.

“భోజనాల హాలు నుంచండీ. ఉల్మెకెన్ గారి నలభయ్యోనాటి భోజనాలు, అరవై మందికి. ఖాయమే కదా?”

“ఎవరు… రాయించారు?”

“అదేంటక్కా, మొన్న వచ్చి రాయించింది మీరేగా! మీ గొంతు గుర్తుపట్టలేనా?”

“పోయిన తేదీ… ఏం రాశారు?”

కాగితాలు తిరగేసిన చప్పుడు.

“ఇవాళ్టిదే వేయించారు మీరు. 2014 ఏప్రిల్ 11.”