విట్లో దొరల పొగకొట్టు

యాజూ నది వంపున పాడుబడిన విట్లో దొరల పత్తితోటలో, పొగకొట్టు పేరెత్తితే చాలు, జనం మాట మార్చేవారు. దొరల కాలంలో పందిమాంసానికి ఉప్పు పట్టించి, పొగపెట్టి, దూలాలకు వేలాడదీసిన మట్టినేల కొట్టు అది. ఉత్తరాది, దక్షిణాది అంతర్యుద్ధంలో విక్స్‌బర్గ్ పట్టణం ఉత్తరాది సేనకు చిక్కిన ఏడు దొర కొడుకులిద్దరూ అందులోనే ఒకరినొకరు కాల్చుకొని చచ్చారు. పెద్దవాడిది బానిసత్వం నిలపాలన్న దక్షిణాది ప్రెసిడెంటు డేవిస్ సైన్యం, చిన్నవాడిది ఉత్తరాది ప్రెసిడెంటు లింకన్ సైన్యం. ఎవరి ప్రెసిడెంటు గొప్పవాడన్నదే తగాదా. ప్రాణాలు పోయినా ఆ తగాదా పోలేదనీ, చీకటి పడితే వినబడుతూనే ఉంటుందనీ చెప్పుకొనేవారు.

యుద్ధం ఇంకా సాగుతున్న ఆ చలికాలం, ఆ తోటలో దొరలకు బానిసగా బతికిన మహాలా తన ఒక్కగానొక్క పందిని కోసింది. భర్త నీలిచొక్కా తొడుక్కొని లింకన్ సైన్యంలో చేరాడు. వసంతం దాకా పిల్లలకు ఆ మాంసమే ఆధారం. చలి నిలుస్తుందనుకొన్నది... సాయంత్రానికి గాలి వెచ్చగా తిరిగింది. ఉప్పు పట్టించకపోతే తెల్లవారేసరికి మాంసం కుళ్ళుతుంది. యుద్ధం వచ్చాక ఉప్పు కరువు. పాత పొగకొట్ల నేల తవ్వి, ఏళ్ళ తరబడి మాంసం నుంచి కారిన ఉప్పుమట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, మరిగించుకోవడమే దారి. తవ్వకుండా మిగిలినది ఆ కొట్టొక్కటే.

పొరుగు గుడిసె టెంపీ పిన్ని అడ్డం నిలబడింది. “పోకే. బతికుండగా వాళ్ళు పెట్టిన బాధలు చాల్లేదా?”

“బతికున్నవాళ్ళనే భరించాను కదా పిన్నీ,” అంటూ మహాలా గంప చంకన పెట్టి, పార భుజాన వేసుకొన్నది.

తలుపు తోసింది. చిక్కటి చీకటి... పాత పొగ వాసన... పార ఎత్తబోయింది—

మూలలో గుసగుస.

“మా డేవిస్ యుద్ధభూమిలో సేన నడిపినవాడు. మీవాడు కట్టెలు కొట్టుకొన్నవాడు.”

ఎదుటి మూల నుంచి మరొక గొంతు. “ఆ కట్టెలవాడే, గెలిచే సేనాని దొరికేదాకా ఎంతమందినైనా పీకేశాడు. మీవాడు ఓడిపోయే సేనానిని స్నేహితుడని నెత్తిన పెట్టుకొన్నాడు.”

“మావాడు మాట తప్పలేదు...”

“మీవాడు ఎవరి మాటా వినలేదు...”

మహాలా కాళ్ళు తలుపు వైపు తిరిగాయి. ఇంటి దగ్గర బల్ల మీద వెచ్చబడుతున్న మాంసం కళ్ళ ముందు మెదిలింది. భయం ఉన్నచోటే కోపం పుట్టింది.

“చిన్నదొరలూ,” అన్నది, గొంతు తగ్గించకుండా. “మీ లెక్కలో మేం లేమా? డేవిస్ మా చేత పత్తి తీయించుకొంటూ యుద్ధం చేద్దామనుకొన్నాడు. మేం తోటలొదిలి నడిచిపోయాం, ఆయన నడుం విరిగింది. లింకన్ మాకు తుపాకులివ్వడానికి ఏళ్ళూపూళ్ళూ ఆలోచించాడు. ఇచ్చాక గానీ ఆయన నడుం నిలవలేదు. మమ్మల్నడిగి ఉంటే ఒక్క పూటలో తేల్చేవాళ్ళం. ఇక జరగండి. నా మాంసం చెడిపోతోంది.”

గుసగుసలు ఆగిపోయాయి.

ఆమె గంప పక్కన పెట్టి, వంగి తవ్వసాగింది. పార దెబ్బ... మళ్ళీ దెబ్బ... కొంతసేపటికి దెబ్బకూ దెబ్బకూ నడుమ ఇంకొక చప్పుడు. ఎడమ పక్క—మట్టి గీకుతున్న చప్పుడు. తరువాత కుడి పక్క కూడా. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ నేల తాకని చేతులు, పొంతన లేకుండా, గోళ్ళతో... తవ్వుతున్నాయి.

మహాలా తల తిప్పలేదు.

“అంత లోతొద్దు దొరా,” అన్నది. “ఉప్పు పైమట్టిలోనే ఉంటుంది. ఆ గంప ఇటు జరపండి.”

గంప జరిగింది.