సూరయ్య కోసేసిన ఆఖరు పేజీలు

సీకటింట్లోన ఎవరే సిన్నమ్మా...
సిటికెనేలు పట్టుకుంది ఎవరమ్మా...

తరవాతి చరణం ఎంత తలుచుకున్నా రావడం లేదు. చిన్నప్పుడు ఆడపిల్లలం గుండ్రంగా కూర్చుని పాడేవాళ్లం. పాట అయ్యేసరికి ఎవరో ఒకరు వెనకనుంచి వీపు చరిచేవారు, అందరం కేక పెట్టేవాళ్లం. కేక గుర్తుంది. పాట ఆఖరు గుర్తులేదు.

ఆఖర్లు పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే కాదు లెండి. మా నెల్లిమర్లలో చాలామంది ఉన్నారు.

జూట్ మిల్లు వెనక సందులో, పలకల తలుపులతో ఒక కొట్టు ఉంది. అద్దె పుస్తకాల సూరయ్య కొట్టు. ఆయన పోయి మూడేళ్లయింది. తలుపుకి తాళం వేసే ఉంటుంది. కానీ పొద్దుగూకాక ఆ సందులో ఎవరూ నడవరు. ఎందుకంటే — లోపల చీకట్లో ఎవరో కథ చెబుతుంటారు.

కథ మొదలు ఎవరూ వినలేదు. వినబడేది ఎప్పుడూ ఆఖరే.

కొట్టు సొంతదారు సోములు దాన్ని సెల్‌ఫోన్ల షాపుకి ఇద్దామని చూశాడు. ఇద్దరొచ్చారు. ఇద్దరూ ఒక్క సాయంత్రం సందులో నిలబడి, మళ్లీ కనబడలేదు.

సూరయ్యకి బతికున్నప్పుడు ఒక అలవాటుండేది. దెయ్యాల నవల ఏది కొన్నా ఆఖరు పేజీలు బ్లేడుతో కోసేసేవాడు. పుస్తకం తిరిగి తెచ్చి ఇస్తే, బల్ల మీదికి వంగి, ఆ ఆఖరు తన నోటితో చెప్పేవాడు. అందుకే ఆయన పుస్తకం ఒక్కటీ పోయేది కాదు. మిల్లు దిగిన జనం మాసిన బట్టలతోనే వచ్చి, నోరు తెరుచుకుని వినేవారు. ఆయనతోపాటు ఆ ఆఖర్లూ పోయాయనుకున్నాం.

ఇక మా మనవరాలు హేమ సంగతి. డిగ్రీ చదువుతోంది. శనివారం శనివారం మా మేడమీద ఏడుగురు చేరతారు. భయపెట్టే సినిమాలు, భయపెట్టే నవలలు — అవే కబుర్లు. నేను మరమరాలు కలిపి పట్టుకెళ్లి, అక్కడే చతికిలబడతాను.

"పుస్తకంలో భయమేటే? సినిమాలో అయితే ముందు సప్పుడాగిపోతాది. అప్పుడే గుండె జారిపోతాది" అన్నాడు త్రినాథ్. వాడు సినిమాల పక్షం.

"నువ్వు సప్పుడుకి జడుస్తన్నావురా, దెయ్యానికి కాదు. మీ ఇంట్లో కుక్కర్ కూసినా జడుస్తావు" అంది హేమ.

"నవ్వకండ్రా. నిజంగా జడిసినాను."

"సినిమాలో కళ్లు మూసుకుంటే అది ఎలిపోతాది. పుస్తకంలో కళ్లు మూసుకుంటే... అక్కడే నిలబడి ఉంటాది. నువ్వు తెరిసేదాకా. నువ్వే సెప్పు మామ్మా, ఏది ఎక్కువ?" అంది హేమ.

నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట. కూడబలుక్కుని చదివిన మొదటి నవల దెయ్యాలదే. ఆ దెయ్యం తలుపు తీయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వంటింట్లోకి వెళ్లాలన్నా భయమే. గబగబా చదివేవాళ్లకి అంత భయం ఎక్కడ దొరుకుతుంది? అదే చెప్పాను.

"మామ్మ గెలిసిపోనాది" అని త్రినాథ్ దండం పెట్టేశాడు.

ఆ రోజు హేమ చేతిలో ఒక పాత పుస్తకం ఉంది. సూరయ్య పోయాక ఎవరో తిరిగివ్వకుండా తూకానికి వేసేస్తే, పాత కాగితాల దుకాణంలో దొరికిందట. పేరు 'ఏడో గది తాళం'. అట్ట మీద సూరయ్య కొట్టు ముద్ర. ఆఖరు పేజీలు — నున్నగా కోసి ఉన్నాయి. గదిలో ఎవరున్నారో తేలక ఏడుగురూ ఏడు రకాలుగా కథ అల్లారు. ఒక్కటీ కుదరలేదు.

"రోజూ సూరయ్యే సెప్తన్నాడంట కదా. ఎల్లి అడిగేద్దాం" అన్నాడు త్రినాథ్.

నవ్వుతూనే లేచారు, హేమా వాడూ.

తరవాత జరిగింది హేమ చెప్పగా విన్నదే.

ఏడున్నర అయిందట. కరెంటు పోయింది. సందులో కుక్క కూడా లేదు. త్రినాథ్ ఫోనులో రికార్డింగ్ పెట్టి తలుపు సందుకి ఆనించాడు. లోపల... ఆడో మగో తేలని గొంతు. ఏదో పడవ కథ. పడవలో ఎక్కినవాళ్లు ఆరుగురు, దిగినవాళ్లు ఏడుగురు. "అంతే... అయిపోనాదీ..." అంది గొంతు.

త్రినాథ్ చేతిలోంచి ఫోను జారి కింద పడింది. రికార్డింగ్ ఆగిపోయింది.

వాడు హేమ చెయ్యి పట్టుకుని లాగాడు. మా పిల్లకి భయం కన్నా కథే ముందు. తలుపుకి నోరు ఆనించి మెల్లగా అడిగింది —

"తాతా... ఏడో గది తాళం ఆఖరు ఏటి?"



అప్పుడు గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి బరువుగా, ఆగి ఆగి. ఏడో గదిలో ఎవరూ లేరట. మంచం ఉందట. మంచం మీద దుప్పటి ఇంకా వెచ్చగా ఉందట. కథలో పిల్ల వెళ్లిపోదామని వెనక్కి తిరిగితే — గదికి తాళం లోపలివైపునుంచి వేసి ఉందట.

ఇద్దరూ పరిగెత్తుకొచ్చేశారు. త్రినాథ్ చెప్పు ఒకటి ఆ సందులోనే ఉండిపోయింది.

తెల్లారేసరికి వాడి భయం తీరిపోయింది. "వచ్చీ ఆదివారం పదిమందిమి లైట్లట్టుకుని ఎల్తాం మామ్మా. సోములు బాబాయ్ తాళం ఇస్తానన్నాడు. దెయ్యం నేదని తేలితే సోమవారమే పుస్తకాలన్నీ తూకానికి ఏసేసి, కొట్టు ఖాళీ సేసేస్తాడంట" అంటూ రికార్డింగ్ వినిపించాడు.

పిల్లలు మాటలు విన్నారు. నేను ఆ సాగదీత విన్నాను. 'అయిపోనాదీ...' అని చివర పైకి లేచే ఆ తీరు నాకు కొత్త కాదు. రోజూ పొద్దున్నే మా గుమ్మంలో వింటున్నదే. "తోటకూరా... గోంగూరా..."

గున్నమ్మ. సూరయ్య పెళ్లాం.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, ఆవిడకి అక్షరం ముక్క రాదు. పుస్తకాల్లో మాట ఆవిడకెలా తెలుస్తుందని అందరి ధీమా. చదువుకున్నవాళ్లు అలాగే అనుకుంటారు. అక్షరం రాని రోజుల్లో నా తలలో ఎంత పట్టేదో నాకు తెలుసు. రాయడం వచ్చాకే నాకు మరుపు మొదలైంది.

హేమతో అనలేదు. అనుమానమే కదా, నిజం కాదు. బుధవారం దీపాలవేళ ఒక్కదాన్నే కొట్టు వెనక పెరట్లోంచి వెళ్లాను. వెనక తలుపు ఓరగా ఉంది. లోపల గొంతు టక్కున ఆగింది.

"గున్నమ్మప్పా... నేను, దేముడమ్మని." నాకన్నా నాలుగేళ్లు పెద్దది, అప్పా అనే పిలుస్తాను.

లోపలినుంచి — "ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

చీకట్లో పుస్తకాల మధ్య పీట వేసుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"పగలు కోసిన కాయితాలు జేబులో ఎట్టుకుని ఇంటికి తెచ్చీవోడు. నాకు సదివి, పొయ్యిలో ఎట్టీసీవోడు. ఇప్పుడవి నా నోట్లోనే ఉన్నాయే. రోజూ సెప్పుకోకపోతే జారిపోతాయి. ఇంట్లో సెప్పుకుంటే కోడలు నాకు మతిపోనాదంటాది."

"జనం జడుస్తన్నారప్పా."

"జడవనీ. ఆళ్లు జడిసినన్నాళ్లే సోములు ఈ పుస్తకాల మీద సెయ్యెయ్యడు. ఆయనవి ఇంకేటి మిగిలాయి నాకు?"

ఆదివారం సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యి నా చేతిని వెతుక్కుంది. తోటకూర కట్టలు కట్టీకట్టీ గరుకెక్కిన చెయ్యి.

"నీకు రాయడం వచ్చు కదే?" అంది.

మర్నాడు నోటుపుస్తకం, కొవ్వొత్తి పట్టుకెళ్లాను. ఆవిడ చెప్పింది, నేను రాశాను. వత్తులు వచ్చినచోట నా చెయ్యి ఆగిపోయేది. "నిమ్మలంగా రాయి, ఇక్కడున్న దెయ్యాలెక్కడికీ పోవు" అని నవ్వింది. మూడేళ్ల తరవాత ఆవిడ నవ్వగా చూశాను.

శుక్రవారం, ఆవిడ సరేనన్నాకే, హేమకి చెప్పాను. అది ఏడ్చింది. త్రినాథ్ రికార్డింగ్ తుడిచేశాడు. శనివారం సాయంత్రం ఏడుగురూ పెరటిదారిన పుస్తకాలన్నీ మోసి మా మేడమీద గదిలో పేర్చారు. శనివారాలు గున్నమ్మ వచ్చి ఆఖర్లు చెప్పాలని ఒప్పందం. సోములు కొట్టు సోములు తీసుకోవచ్చు.

పిల్లలు వెళ్లిపోయారు. ఖాళీ బల్లల మధ్య మేమిద్దరమే మిగిలాం. కొవ్వొత్తి అడుగంటింది. నోటుపుస్తకంలో నలభై ఒక్క ఆఖర్లు ఎక్కాయి. ఒక్కటే మిగిలింది.

"ఏడో గది తాళం అప్పా. పోయిన శనారం మా హేమకి సెప్పావు కదా, అదే నీ నోట సెప్పు. రాసీసి ఎలిపోదాం" అన్నాను.

గున్నమ్మ లేవబోయినదల్లా ఆగింది. సూరయ్య వంగి నిలబడే బల్ల వైపు చూసింది. నావైపు తిరగకుండానే, గుసగుసగా అంది —

"అది నాను సెప్పనేదే, దేముడమ్మా. ఆ కాయితాలు జేబులో ఉండగానే ఆయన పోనాడు... నాకు సదవనేదు. మీ పిల్ల అడిగిన్నాడు, నానూ దానితోపాటే ఇన్నాను... ఊఁ కొడతా కూకున్నాను."